ముగ్గురికి ఒకటే అకౌంటు

 

 పోస్టు పెద్దది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

పోయిన వారం ఇక్కడ ఒక తమ్ముడు ఇలా అడిగాడు: "అన్నా, మన యాప్‌లలో పోకర్ ఆపేశారు కదా, బయటి దేశం సైటు లింకు ఎవరి దగ్గరైనా ఉందా? నాలుగు వేలు పోయినాయి. అవి వచ్చేస్తే మానేస్తా." అడ్మిన్ అన్న ఆ మెసేజ్ తీసేశాడు. మంచి పనే. కానీ ఆ చివరి మాట మా ముగ్గురికీ మనసులో ఉండిపోయింది. అవి వచ్చేస్తే మానేస్తా. సరిగ్గా ఇదే మాట 2022 అక్టోబరులో మేము ఒకరితో ఒకరం అనుకున్నాం. అప్పుడు మాకు పోయింది 5,700.

మేము ముగ్గురం సింగరాయకొండ దగ్గర ఒకే ఎరుకల కాలనీ వాళ్ళం. పేర్లు రాయటం లేదు. పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని రాస్తాం. కాలనీలో తెలిసినోళ్ళకి ఎట్లాగూ తెలిసిపోద్ది. ముగ్గురం పాలిటెక్నిక్ చేసి 2022 జనవరిలో చెన్నై పక్కన ఒరగడంలో ఒక కంపెనీలో ఏడాది అప్రెంటిస్‌గా చేరాం. ముగ్గురికి ఒక గది, మూడు షిఫ్టులు. ఒకడు లేచేటప్పటికి ఒకడు పడుకునేవాడు.

ఆ ఏప్రిల్లో ఐపీఎల్ మధ్యలో వచ్చే యాడ్ చూసి పోకర్ దించుకున్నాం. తలా వంద వేసి 300తో మొదలుపెట్టాం. అకౌంటు పెద్దోడి పేరు మీద, పాన్ కార్డు కూడా వాడిదే. ఒక అకౌంటు ముగ్గురు ఆడకూడదని నిబంధనల్లో ఉంటది, మేము చదవలేదు. మూడు షిఫ్టుల వల్ల ఆ ఫోను కంపెనీలో మిషన్లలాగే ఇరవై నాలుగు గంటలూ నడిచింది.

తెలియనివాళ్ళకి ఆట ఇట్లా ఉంటది. మనకి రెండు ముక్కలు పంచుతారు, అవి మనకొక్కళ్ళకే కనపడతాయి. బల్ల మీద ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖర్న ఒకటి, మొత్తం అయిదు ముక్కలు తెరుస్తారు, అవి అందరివీ. ఈ ఏడింట్లో మంచి అయిదు ఎవరికి కుదిరితే వాళ్ళది ఆట. ప్రతి దశలోనూ పందెం పెంచొచ్చు, లేకపోతే ముక్కలు పడేసి పక్కకి జరగొచ్చు. మూడు ముక్కలాటకి దీనికి తేడా ఏంటంటే, ఇక్కడ లెక్క ఉంది. ఎప్పుడు పడెయ్యాలో తెలిసినోడు తెలియనోడి మీద నెమ్మదిగా గెలుస్తాడు. ఈ మాట అబద్ధం కాదు. అబద్ధం కాకపోవటమే మమ్మల్ని ముంచింది.

మేము రూపాయి-రెండు రూపాయల బల్ల మీద కూర్చునేవాళ్ళం. 200తో కూర్చుంటే చాలు. చిన్నోడు యూట్యూబ్‌లో లెక్కలు నేర్చుకున్నాడు. మొదటి మూడు ముక్కలు తెరిచాక ఒకే రంగువి నాలుగు ఉంటే, అయిదోది పడే అవకాశం నూటికి 35 దాకా ఉంటది. చేతిలో జత ఉంటే మూడోది మొదటి మూడింట్లోనే తగిలేది సుమారు ఎనిమిదిన్నర సార్లకి ఒకసారి. ఇవన్నీ గోడ మీద కాయితం అంటించాం. ఆగస్టు ఆఖరికి 300 కాస్తా 8,700 అయింది. వినాయక చవితికి 3,000 తీసి ముగ్గురు అమ్మలకి చీరలు కొన్నాం. ఆ మూడు వేలే మేము ఆ యాప్ నుంచి బయటికి తీసింది. మళ్ళీ తియ్యలేదు.

సెప్టెంబరులో మొదలైంది. ఏది ఆడినా పోతోంది. ఒక రాత్రి పెద్దోడి చేతిలో రెండు ఆసులు, ఎదుటోడి చేతిలో రెండు రాజులు. ఉన్నదంతా మధ్యలో పెట్టారు. ఇట్లాంటి చోట ఆసులు నూటికి 82 సార్లు గెలవాలి. ఆఖరి ముక్క రాజు పడింది. రెండు రోజుల తర్వాత చిన్నోడికి అదే ఆట, అదే ఓటమి. వరసగా రెండుసార్లు అట్లా జరగటం నూటికి మూడు సార్లు. అంటే వందమంది ఆడితే ముగ్గురికి జరగాల్సిందే, ఆ ముగ్గురిలో మేమున్నాం, అంతే. ఇప్పుడు ఇట్లా తేలిగ్గా రాస్తున్నాం. అప్పుడు మాత్రం యాప్ మోసం అన్నాం, దశ బాగాలేదన్నాం, ఆ గది వాస్తు బాగాలేదని కూడా నడిపోడు అన్నాడు.

వరసగా పోతున్నప్పుడు మనిషికి ఏమైతదో పోకర్ ఆడేవాళ్ళు ఒక మాటలో చెప్తారు, టిల్ట్ అంటారు. మేము పూనకం అనేవాళ్ళం. పడెయ్యాల్సిన ముక్కలు పడెయ్యబుద్ధి కాదు. రెండు రూపాయల బల్ల మీద పోయింది అయిదు రూపాయల బల్ల మీదైతే తొందరగా వస్తదనిపిస్తది. రెండు బల్లల బదులు నాలుగు బల్లలు తెరుస్తాం. నిద్రపోయేవాడిని లేపి "నువ్వు ఆడు, నా చేతికి అచ్చిరావటం లేదు" అంటాం. వాడు సగం నిద్రలో ఇంకో వెయ్యి పోగొడతాడు. పొద్దున్నే షిఫ్టుకి పోతా ఒకరి మొహం ఒకరు చూసుకోం. ముగ్గురికి ఒకటే అకౌంటు కదా, పోయింది ఎవడి వల్ల అనేది తేలదు. మాకు మాత్రం ఎవడికి వాడికి మిగతా ఇద్దరి వల్లేనని తెలుసు.

అక్టోబరులో 6,000 వేశాం. నవంబరులో 9,500. ఆ రెండు నెలలు స్టైపెండ్ వచ్చిన నాలుగో రోజుకే మెస్‌లో అప్పు పెట్టాం.

డిసెంబరు మొదటి వారంలో నడిపోడు వాళ్ళ అమ్మకి ఫోన్ చేశాడు. "చెన్నైలో కంప్యూటర్ కోర్సు ఉందమ్మా, చేస్తే పర్మినెంట్ చేస్తారంట, పదిహేను వేలు ఫీజు" అని చెప్పాడు. పక్కన మేమిద్దరం కూర్చుని ఉన్నాం. ఆ మాటలు వాడికి అందించింది మేమే. ఆమె పొదుపు సంఘంలో అప్పు రాయించుకుని మూడో రోజుకి పంపింది. ఆ నెలలో 12,500 పోయింది, మిగతా 2,500 జనవరి మొదట్లో. జనవరిలోనే లోన్ యాప్‌లో ఆరు వేలు తీసుకున్నాం. చేతికొచ్చింది 4,200, వారంలో కట్టాల్సింది పూర్తిగా 6,000. అదీ దాంట్లోనే. వాళ్ళు ఫోన్లో ఉన్న నెంబర్లన్నిటికీ మెసేజ్‌లు పెడతామని బెదిరించటం మొదలుపెడితే చిన్నోడి ఫోన్ అమ్మి కట్టేశాం. ఆ సంగతి ఇంకా రాయబుద్ధి కావటం లేదు.

అప్రెంటిస్ గడువు అయిపోయింది. సంక్రాంతికి ఇంటికి బయలుదేరాం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన రాష్ట్రంలో 2020 సెప్టెంబరులోనే ఆర్డినెన్సు తెచ్చి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ నిషేధించారు. తెలంగాణలో 2017 నుంచే లేదు. తమిళనాడులో కూడా నిషేధించారుగానీ, 2021 ఆగస్టులో మద్రాసు హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అందుకని మేమున్నప్పుడు అక్కడ ఆట నడుస్తోంది. మేము పినాకిని ఎక్కి ఇంటికి వచ్చేటప్పుడు ఆరంబాకం దాటి తడ రాగానే యాప్ ఆగిపోయేది, మీ రాష్ట్రంలో ఈ ఆట లేదు అని వచ్చేది. తిరిగి పోయేటప్పుడు సూళ్ళూరుపేట నుంచే ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చునేవాళ్ళం, ఎప్పుడు తెరుచుకుంటదా అని. జనం కిటికీలోంచి పులికాట్ సరస్సు వైపు చూస్తుంటే మేము ఒక చిన్న గుండ్రం తిరగటం చూసేవాళ్ళం.

ఆ లెక్కన ఇంటికొస్తే ఆట మానినట్టే కావాలి. చిన్నోడు ఫోన్ చెన్నైలో ఉన్నట్టు చూపించే యాప్ ఒకటి ఎక్కించాడు. భోగి రాత్రి కాలనీ అంతా మంట చుట్టూ ఉంటే మేము పాత ఇంటి వెనకాల కూర్చుని ఆడాం. కనుమ నాడు కంపెనీవాళ్ళు కనిపెట్టి అకౌంటు మూసేశారు. అందులో 1,860 ఉండిపోయింది. దొంగ లొకేషన్ పెట్టింది మేము, ఎవరిని అడగాలి?

ఆ భోగి రాత్రే ఇంకొకటి జరిగింది. పెద్దోడి నాయనమ్మ ఎరుక చెప్పేది. గద్దె బుట్ట, చేతికర్ర పట్టుకుని కందుకూరు దాకా ఊళ్ళు తిరిగిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి ఇంట్లోనే ఉంటది. మేము మంట దగ్గరికి రాలేదని వెతుక్కుంటా వచ్చింది. పెద్దోడు నవ్వులాటగా చెయ్యి చాపి "నాయనమ్మా, నా దశ ఎప్పుడు మారుద్దో చెప్పు" అన్నాడు. నవ్వులాట కాదని ఆమెకి తెలిసిపోయింది.

"ఎవురితో ఆడతన్నావురా?"

"ఎవరో. ఫోన్లో ఉంటారు."

"వాళ్ళ మొహాలు చూసినావా?"

"లేదు."

"వాళ్ళు నీ మొహం చూసినారా?"

"లేదు."

"మొహం చూడకుండా నేను రూపాయి అడగలేదురా అబ్బయ్యా, డెబ్బై ఏళ్ళలో. చెయ్యి చూసినట్టే ఉంటది, చూసేది కండ్లు. నువ్వు గోడతో ఆడినావు."

(నాయనమ్మ వృత్తి రహస్యం గ్రూపులో పెట్టినందుకు పెద్దలు తిట్టొద్దు. ఆమెని అడిగే పెట్టాం.)

పండగ అయిన నాలుగో రోజు నడిపోడి అమ్మ అడిగింది, కోర్సు కాయితం ఏదిరా అని. ఆమె సంఘం మీటింగులో అందరికీ చెప్పుకుందట, మావాడు కంప్యూటర్ నేర్చుకుంటున్నాడని. ఆ వారం దాటితే ఆమె ముఠాతో పాటు పల్నాడు వైపు మిరపకోతలకి పోవాలి. పోయేలోపల కాయితం సంఘంలో చూపిద్దామనుకుంది. నడిపోడు మా ఇద్దరినీ పిలిపించాడు. ముగ్గురం ఆమె ముందు కూర్చుని చెప్పాం. చెప్పటానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆమె అరుస్తదనుకున్నాం. అరవలేదు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఆ ఏడు కోతకి రోజుకి మూడొందలు ఇస్తామన్నారు. "యాభై రోజులు," అంది. "యాభై రోజులు వంగి కొయ్యాలి. కాయ ఘాటుకి రాత్రి చేతులు మంటెత్తి నిద్రపట్టదు, ఆ యాభై రాత్రులు కూడా." తర్వాత ఒక్కటే అడిగింది: "సంఘంలో తెలిస్తే ఏమంటారో ఆలోచించినారా?"

అది మన గ్రూపులో వివరంగా చెప్పక్కర్లేదు. మన తాతల్ని పుట్టుకతోనే నేరస్తులని రాసిన చట్టం 1952లో పోయింది. స్టువర్టుపురం మా ఊరి రైలు దారిలోనే ఉంది, బాపట్ల దాటి చీరాల వచ్చేలోపల. చట్టం పోయినా, ఊళ్ళో ఏదైనా పోతే ముందు మన వీధి వైపు చూస్తారు. మనవాళ్ళలో ఒకడు అప్పు ఎగ్గొడితే ఆ ఒక్కడి పేరు ఎవరూ తియ్యరు, ఎరుకలోళ్ళు ఇంతే అంటారు. మేము ఒరగడంలో కూర్చుని ఆడింది ముగ్గురి డబ్బే అనుకున్నాం.

ఆమె ముఠాతో కోతలకి పోయింది. సంఘం కంతు మేము కడతామన్నాం. పెద్దోడు జరుగుమల్లి వైపు ఒక రైతు దగ్గర పొగాకు బ్యారన్ పని మాట్లాడాడు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడ పగలూ రాత్రీ పనే. పొలం నుంచి వచ్చిన పచ్చాకు కర్రలకి కట్టాలి, ఆ కర్రలు బ్యారన్‌లోకి ఎక్కించాలి, కింద కట్టెలు పెట్టి వారం రోజుల దాకా వేడి తగ్గకుండా, ఎక్కువ కాకుండా కాచుకోవాలి. వేడి తొందరగా పెంచితే ఆకు రంగు పోతది, వేలంలో రేటు పడిపోతది. మాకిచ్చింది రాత్రి కాపలా. అరగంటకోసారి థర్మామీటర్ చూడాలి, కట్టె ఎగదొయ్యాలి. మిగతా టైమంతా ఖాళీ.

ఆ ఖాళీలో లెక్క వేశాం. అకౌంటు మూసినా పాత స్టేట్‌మెంట్లన్నీ పెద్దోడి మెయిల్‌కి వచ్చి ఉన్నాయి. ఒక రూళ్ళ నోటుబుక్కు కొని తేదీ, బల్ల, ఎంతతో కూర్చున్నాం, ఎంతతో లేచాం అని అన్నీ రాశాం. వారం పట్టింది.

మొత్తం వేసింది 36,300. తీసింది 3,000. పోయింది 33,300. ఇంతవరకు తెలిసిందే. చిన్నోడు ఇంకొకటి పట్టుకున్నాడు. ఆ యాప్‌లో మనం ఆడేకొద్దీ పాయింట్లు ఇచ్చేవాళ్ళు. మనం కట్టిన ప్రతి రూపాయి కమీషన్‌కి ఒక పాయింటు. పాయింట్లు ఎక్కువైతే వెండి సభ్యుడు, బంగారు సభ్యుడు అని పేర్లు పెట్టేవాళ్ళు, మేము బంగారం అయినందుకు నవంబరులో సంబరపడ్డాం కూడా. ఆ పాయింట్లు కూడితే 21,400. అంటే బల్ల వేసినోడి కోతే అంత. అకౌంటులో చిక్కుకుపోయిన 1,860 తీసేస్తే, మమ్మల్ని నిజంగా ఎదుటి ఆటగాళ్ళు గెలుచుకుంది 10,040 మాత్రమే.

చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. మేము ఎవరి మీద కసితో ఆడామో వాళ్ళకి మా డబ్బులో మూడో వంతు కూడా పోలేదు.

తర్వాత చిన్నోడు కట్టె బొగ్గుతో నేల మీద లెక్క చేశాడు. రూపాయి-రెండు రూపాయల బల్ల, ఆరుగురు, తలా 200. బల్ల మీద మొత్తం 1,200. ఒక్కో ఆటలో మధ్యలో పడేది సగటున 30 అనుకుందాం, కోత నూటికి 5, అంటే రూపాయిన్నర. గంటకి 70 ఆటలు. గంటకి 105 పోతది. ఎవరూ కొత్తగా డబ్బు వెయ్యకుండా అదే ఆరుగురు కూర్చుంటే, పదకొండున్నర గంటల్లో 1,200 మొత్తం బల్ల వేసినోడికి చేరతది. ఆరుగురూ ఉత్త చేతులతో లేస్తారు. వాళ్ళలో గొప్పగా ఆడినోడు కొంచెం ఆలస్యంగా లేస్తాడు. పెద్ద బల్లల మీద ఒక్కో ఆటకి ఇంతకి మించి తియ్యకూడదని హద్దు ఉంటది కాబట్టి అక్కడ కోత అంత తెలీదు. మనలాంటోళ్ళు "చిన్న ఆటే కదా" అని కూర్చునే చోటే కోత బరువు ఎక్కువ. చిన్నదనే మేము ధైర్యంగా ఆడాం.

పెద్దోడికి ఎప్పుడూ ఒక వాదన ఉండేది. రమ్మీ నైపుణ్యం ఆటని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది, అదీ మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే, సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో, కాబట్టి పోకర్ కూడా అంతే అనేవాడు. నిజమే, ఆ తీర్పులో రమ్మీ మూడు ముక్కలాటలాగా ఉత్త అదృష్టం కాదని ఉంది. ఆ బ్యారన్ దగ్గరే ఫోన్లో ఆ తీర్పు మొత్తం తెరిచి చదివాం. అందులోనే ఇంకో మాట కూడా ఉంది: పందెం కట్టి ఆడే ఆట మీద ఇల్లు నడిపేవాడో క్లబ్బు నడిపేవాడో లాభం తీసుకుంటుంటే అప్పుడు నేరం రుజువు కావచ్చు అని. పెద్దోడు మొదటి సగం మూడేళ్ళుగా చెప్తున్నాడు. రెండో సగం ఆ రాత్రి చదివాడు.

అయినా మనసు ఊరుకోదు. పెద్దోడు కొత్త మాట మొదలుపెట్టాడు. "చూశారా, కోత తీసేస్తే మనం పెద్దగా ఓడలేదు. పూనకం రాత్రులు కూడా తీసేస్తే గెలిచే ఉంటాం." నోటుబుక్కులో అది కూడా కనపడుతోంది. ఓడిన డబ్బులో ఎక్కువ భాగం రాత్రి పదకొండు తర్వాత, మూడుసార్లు మళ్ళీ మళ్ళీ డబ్బు వేసి కూర్చున్న రోజుల్లోనే పోయింది. వాడు నియమాలు రాశాడు. కనీసం యాభై సార్లు కూర్చునేంత డబ్బు, అంటే 10,000 చేతిలో ఉంటేనే ఆడాలి. రోజుకి రెండుసార్లు పోతే లేవాలి. పోతున్నప్పుడు చిన్న బల్లకి దిగాలిగానీ పెద్ద బల్లకి ఎక్కకూడదు. నిద్ర లేకుండా ఆడకూడదు. ఓడిన ఆటలు మర్నాడు మళ్ళీ చూసుకోవాలి. ఇవి మంచి నియమాలే. పోకర్ బతుకుతెరువుగా ఆడేవాళ్ళు పాటించేవి ఇవే. ముందు నుంచి ఉంటే మాకు 33,300 పోయేది కాదు, ఏ ఏడెనిమిది వేలో పోయేది.

"సరే, మన ముగ్గురిలో నిజంగా ఆట వచ్చినోడు ఎవడో ముందు తేల్చుకుందాం," అన్నాడు చిన్నోడు.

బ్యారన్ యజమాని ఇంట్లోంచి చింతగింజలు తెచ్చుకున్నాం. తలా వంద గింజలు. ఒక పాత పేక. రోజూ రాత్రి ఆడి, గింజలు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసి, మర్నాడు మళ్ళీ వందతో మొదలు. కోత లేదు, బంగారు సభ్యుడు లేడు. ఎదురుగా మొహాలు ఉన్నాయి, పొయ్యి వెలుతురులో. మార్చి ఆఖరికి 38 రాత్రులు ఆడాం.

చిన్నోడు గెలిచాడు. దాంట్లో అనుమానం లేదు. అంత ఆట వచ్చినోడు కూడా మధ్యలో తొమ్మిది రాత్రులు వరసగా ఓడాడు. తొమ్మిదీ చూశాం. తప్పు ఆడింది రెండు రాత్రులే. మిగతా ఏడూ వాడు ఆడాల్సిందే ఆడాడు, ముక్కలు రాలేదు. దాంట్లోంచి మాకు అర్థమైంది ఏంటంటే, వరసగా పోతున్నప్పుడు లోపల కూర్చున్నోడికి తను బాగా ఆడి ఓడుతున్నాడో చెడ్డగా ఆడి ఓడుతున్నాడో తెలిసే దారి లేదు. రెండూ ఒకేలాగా ఉంటాయి. గెలుస్తున్నప్పుడు కూడా అంతే. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మేము 8,700 చేసింది ఆట వచ్చా, ముక్కలు వచ్చా? ఇప్పటికీ చెప్పలేం.

పెద్దోడు అందరికంటే కింద ఉన్నాడు. ఒరగడంలో అందరికంటే ఎక్కువ గంటలు ఆడింది వాడే, "నేను రాబడతా" అని ఫోన్ లాక్కునేది కూడా వాడే. గింజల లెక్క చూసి ఆ రాత్రి లేచి పొలం గట్టు మీదకి పోయి కూర్చున్నాడు. మేము పిలవలేదు. అరగంటకి వాడే వచ్చి థర్మామీటర్ చూశాడు.

పొగాకు పనిలో ముగ్గురికీ కలిపి 31,000 వచ్చింది. సంఘం అప్పు వడ్డీతో సహా కట్టేశాం, చిన్నోడికి పాత ఫోన్ ఒకటి కొన్నాం, మిగిలింది ఇళ్ళల్లో ఇచ్చాం. "మొత్తానికి పోయింది వచ్చేసింది" అన్నాడు నడిపోడు. వాళ్ళ అమ్మ అప్పుడే కోతల నుంచి వచ్చింది, చేతుల మీద తోలు లేచిపోయి ఉంది. "అది రాలేదురా. ఇది వేరే డబ్బు," అంది.

ఇక్కడితో అయిపోయిందని రాస్తే బాగుంటది. కాలేదు. పెద్దోడు ఆ ఏడు సెప్టెంబరుకి 10,000 కూడబెట్టాడు. నియమాలన్నీ పాటిస్తా, బెంగళూరులో ఉద్యోగం చూసుకుంటా, అక్కడ ఆట ఉంది, ఆడేది చిన్నోడు ఒక్కడే అన్నాడు. అప్పుడే 2023 అక్టోబరు 1 నుంచి వేసే డబ్బు మీద 28 శాతం జీఎస్టీ వచ్చింది. వంద వేస్తే 22 రూపాయల దాకా పన్నుకే. కొన్ని కంపెనీలు దాన్ని బోనస్‌గా తిరిగి ఇస్తామన్నాయి, పెద్దోడు అది కూడా లెక్కలో వేసుకుని వచ్చాడు. ఆపింది పన్ను కాదు, చిన్నోడు. "మీ డబ్బుతో నేను ఆడను. తొమ్మిది రాత్రులు వరసగా పోతే మీరిద్దరూ నన్ను ఎట్లా చూస్తారో నాకు తెలుసు," అన్నాడు. పెద్దోడు నెల రోజులు వాడితో మాట్లాడలేదు. ఆ నెలలోనే పెద్దోడు 14416కి ఫోన్ చేశాడు. ప్రభుత్వం నడిపే టెలీమానస్ అది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఏం మాట్లాడాడో మాకు చెప్పలేదు, మేము అడగలేదు. మూడుసార్లు చేశాడని మాత్రం తెలుసు.

2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసింది. డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ దేశమంతా నిషేధం. నడిపేవాళ్ళకి మూడేళ్ళ దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆడేవాళ్ళకి శిక్ష లేదు. దాంతో ఇప్పుడు బయటి దేశాల సైట్ల లింకులు టెలిగ్రామ్‌లో తిరుగుతున్నాయి. అక్కడ డబ్బు చిక్కుకుంటే ఎవడిని అడగాలో కూడా తెలీదు. మా 1,860 ఎక్కడుందో కనీసం మాకు తెలుసు.

మొన్న సంక్రాంతికి ముగ్గురం కలిశాం. ఇద్దరం శ్రీసిటీలో చేస్తున్నాం, ఒకడు ఒంగోలులో. చింతగింజల డబ్బా ఇంకా నడిపోడి ఇంట్లోనే ఉంది. నాయనమ్మకి ఆట నేర్పించి నలుగురం కూర్చున్నాం. ఆమెకి ఏ ముక్క పెద్దదో సరిగ్గా గుర్తుండదు, మధ్యలో ఆసుని చూపించి ఇదేంది అని మమ్మల్నే అడుగుద్ది. అయినా గంటలో మా గింజలన్నీ ఆమె ముందే ఉన్నాయి. ముక్కలు చూసుకోదు, మమ్మల్ని చూస్తది.

తమ్ముడూ, అడ్మిన్ అన్న మెసేజ్ తీసేసేలోపల నీ నెంబరు తీసుకున్నాం. లింకు మా దగ్గర లేదు. నీకు పోయిన నాలుగు వేలు ఏ బల్ల మీద, ఏ టైములో పోయినాయో ఒక కాయితం మీద రాసి ఉంచు. నువ్వు కట్టిన కోత ఎంతో మన ముగ్గురం, నువ్వు కలిసి లెక్కేద్దాం. నిన్న రెండుసార్లు చేశాం, ఎత్తలేదు. సిగ్గుపడొద్దు, మేము 33,300 వాళ్ళం. రాత్రి పదకొండు తర్వాతైనా చెయ్యి, ఈ వారం మాలో ఒకడు నైట్ షిఫ్టులోనే ఉంటాడు.